మొదటి యేటి తీర్పు

ఒకే యింట ఈడుజోడైన పిల్లలిద్దరు పెరుగుచుండగా చూడవచ్చిన చుట్టములు ఊరకుండలేరు. పెద్దవాడు చురుకైనవాడని ఒకరు తేల్చివేయుదురు. కాదు, చిన్నవాడే గట్టివాడని మరియొకరు వాదింతురు. పిల్లలకు నూనూగు మీసములైన రాకమునుపే వారి జీవితములకు మార్కులు వేయుట ముగియును. ఆటల లోకమున ఈ అలవాటు మఱింత ప్రబలముగా నున్నది. అచ్చట చుట్టములు వేలకొలది. వారి చేతులలో అంకెల పట్టికలు గూడ నుండును. అట్టి పోలికకు గురియైన యువకులిద్దరు 1975వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమున ఒకే జట్టులో ఆడుచుండిరి. వారు ఫ్రెడ్ లిన్, జిమ్ రైస్ అనువారు.

వారి ఆట బేస్‌బాల్. క్రికెట్టునకు దూరపు బంధువనదగిన ఈ ఆటలో గుండ్రని కఱ్ఱతో బంతిని కొట్టి, నాలుగు మజిలీలు చుట్టివచ్చినచో ఒక పరుగు లభించును. బంతిని కంచె దాటించినచో అది హోమ్ రన్. కొట్టినవాడే కాక, అప్పటికే మజిలీలపై నిలిచియున్న అతని జట్టువారందఱును పరుగులు పొందుదురు. మైదానపు వెలుపలి భాగమును ఎడమవైపు ఒకడు, నడుమ ఒకడు, కుడివైపు ఒకడు కాచుచుందురు. వీరిలో నడుమ నిలుచువాడు ఎక్కువ నేలను కాపాడవలెను గనుక అతనికి కాళ్లలో వేగము, కంటిలో అంచనా రెండును కావలెను. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టువారి ఫెన్వే పార్కులో ఎడమవైపున సుమారు 37 అడుగుల ఎత్తుగల పచ్చని గోడ యున్నది. దానికి తగిలిన బంతి ఏ దిక్కునకు మరలునో కనిపెట్టుట అచ్చట నిలుచువాడు ప్రత్యేకముగా నేర్వవలసిన విద్య.

లిన్ కాలిఫోర్నియాలో పెరిగినవాడు. అతడు చదివిన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టు అతని కాలమున వరుసగా మూడేండ్లు కళాశాలల జాతీయ విజేతగా నిలిచెను. అచ్చటినుండి కొద్దికాలములోనే అతడు పెద్ద జట్టు మెట్టెక్కెను. రైస్ వచ్చిన త్రోవ వేఱు. దక్షిణ కరోలినాలోని ఆండర్సన్ అను ఊరు అతని జన్మస్థలము. నల్లజాతి పిల్లలకు వేఱుగా నుంచిన పాఠశాలలో చదివి, ఆ వేఱుపాటు రద్దయినందున చివరి యేడు మఱియొక పాఠశాలకు మారవలసివచ్చెను. 1971లో, పదునెనిమిదవ యేట, రెడ్ సాక్స్ సంస్థలో చేరి చిన్న జట్లలో మెట్టుమెట్టుగా పైకి వచ్చెను. 1974లో చిన్న జట్లలో పై అంతస్తున ఆడుచు, సగటునందును, హోమ్ రన్లయందును, జట్టుకు తెచ్చిన పరుగులయందును తన లీగులో మొదటివాడై నిలిచెను.

1975 వేసవిలో ఈ యిద్దఱి అంకెలు కవలల వలె సాగెను. లిన్ సగటు .331, అనగా వేయిసార్లు బంతి నెదుర్కొనినచో 331 సార్లు సఫలుడగుట. అతని హోమ్ రన్లు 21. జట్టుకు తెచ్చిన పరుగులు 105. రైస్ సగటు .309, హోమ్ రన్లు 22, తెచ్చిన పరుగులు 102. ఇంత దగ్గరి అంకెలున్నను బిరుదులు మాత్రము ఒక్కనికే దక్కెను. ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడును లిన్నే. లీగంతటిలో అత్యంత విలువైన క్రీడాకారుడును లిన్నే. ఒకే యేట ఈ రెండింటిని పొందుట అంతకుముందెన్నడును జరుగలేదు. 2001లో ఇచిరో సుజుకి పొందువఱకు మరల జరుగలేదు.

ఇందులో అన్యాయమేమియు లేదు. నడుమ భాగమును కాచుట కష్టతరమైన పని. లిన్ దానిని కన్నుల పండువుగా చేసెను. రైస్ ఆ యేడు చాలనాళ్లు బంతి పట్టు పని లేక కొట్టుటకు మాత్రమే దిగుచుండెను. అయితే ఒక యేటి పనికి ఇచ్చిన బహుమానమును జీవితకాలపు తీర్పుగా చదువుకొనుట పొరపాటు. పరుగెత్తి, గాలిలోనికెగిరి బంతిని అందుకొనువాని నేర్పు చూపరులకు వెంటనే తెలియును. మణికట్టు బలముతో, మాటాడక, ఏటికేడు అదే పని చేయువాని నేర్పు తెలియుటకు ఏండ్లు పట్టును.

నగరపు పరిస్థితిని గూడ మఱవరాదు. పెద్ద జట్లన్నింటిలో నల్లజాతి ఆటగానిని చిట్టచివర, 1959లో, చేర్చుకొనినది రెడ్ సాక్సే. 1974లో న్యాయస్థానపు ఆజ్ఞ ననుసరించి తెల్ల, నల్లజాతుల పిల్లలను ఒకే పాఠశాలలకు బస్సులలో పంపగా బోస్టన్ వీథులలో అల్లరులు చెలరేగెను. ఆ నగరమునకే రైస్ ఆడవచ్చెను. పోలికల త్రాసు అట్టిచోట గాలికి కదలక నిలిచియుండెనని ఎవరు చెప్పగలరు?

దైవము గూడ ఆ యేడు ఇద్దఱిని సమముగా చూడలేదు. సెప్టెంబరు 21న డెట్రాయిట్ జట్టువాడు విసరిన బంతి తగిలి రైస్ చేయి విరిగెను. అక్టోబరులో సిన్సినాటి జట్టుతో జరిగిన ప్రపంచ పోటీలలో అతడు ఆడలేకపోయెను. ఆ పోటీలలో ఆఱవ ఆటనాడు లిన్ బంతికై పరుగెత్తి నడిమి గోడకు ఢీకొని కూలబడెను. మైదానమంతయు కొంతసేపు నిశ్శబ్దమయ్యెను. అతడు లేచి ఆట సాగించెను. ఏడవ ఆటలో బోస్టన్ ఒక్క పరుగు తేడాతో ఓడెను.

తరువాతి కథ పట్టికలు ముందుగా చెప్పినట్లు నడువలేదు. 1978లో రైస్ ఒక్క ఆటయైనను మానక 163 ఆటలాడి, 46 హోమ్ రన్లు కొట్టి, 139 పరుగులు తెచ్చి, అత్యంత విలువైన క్రీడాకారుడాయెను. ఇక తీర్పు మారినదని జనులనుకొనిరి. మఱుసటి యేడు లిన్ .333 సగటుతో లీగున మొదటివాడయ్యెను. విచిత్రమేమనగా, ఆ యేడు ఇద్దఱును సరిగా 39 హోమ్ రన్లే కొట్టిరి!

1981 జనవరిలో లిన్‌ను కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టునకు పంపిరి. ఒప్పంద పత్రములను గడువులోగా పంపుట బోస్టన్ యాజమాన్యమునకు చేతగాలేదు. ఆ యేమరుపాటే అతని దారి మరల్చెను. పిమ్మట అతని శరీరము అతని ఉత్సాహముతో సమానముగా నడువలేదు, గాయములు తఱచయ్యెను. ఐనను 1983లో ఉభయ లీగుల మేటివారి ఆటలో మూడు మజిలీలును నిండియుండగా హోమ్ రన్ కొట్టెను. ఆ ఆటల చరిత్రలో అదియే మొదటిది. రైస్ పదునాఱేండ్లు బోస్టన్‌నే అంటిపెట్టుకొని యుండెను. అతనికిని లోపము లేకపోలేదు: 1984లో అతడు నేలబారుగా కొట్టిన బంతులవలన 36 సార్లు ఒకే దెబ్బకు ఇద్దఱేసి ఔటైరి.

1982 ఆగస్టు 7న ఫెన్వే పార్కులో మైదానపు హద్దు వెలుపలికి దూసికొనిపోయిన బంతి నాలుగేండ్ల బాలుని తలకు తగిలెను. ఎవ్వరికిని ఏమియు తోచకముందే రైస్ ఉరికి, నెత్తురోడుచున్న ఆ బిడ్డను చేతులలో నెత్తుకొని లోపలి వైద్యుని యొద్దకు చేర్చెను. బాలుడు బ్రదికెను. రైస్ నెత్తుటి మరకల దుస్తులతోనే తక్కిన ఆట ఆడెను. పత్రికల వారితో ముక్తసరిగా మాటాడుటచే కఠినుడని పేరుపడినవాడు ఇతడే.

మేటి క్రీడాకారుల కీర్తిమందిరమునకు ఓటువేయువారు ఆ పత్రికల వారే. పదునైదవది, కట్టకడపటిది యైన అవకాశమున, 2009లో, 76.4 శాతము ఓట్లతో వారు రైస్‌కు తలుపు తెఱచిరి. కావలసినవి 75 శాతము. లిన్ పేరు రెండవ యేటనే జాబితా నుండి తొలగిపోయెను. ఫెన్వే పార్కు గోడకు మాత్రము, అతడు ఢీకొనిన మఱుసటి యేడు, మెత్తలు కట్టిరి.