ఓటరు అమ్ముడుపోయాడా?

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఓడిన పార్టీ ఆఫీసుల్లో, టీవీ చర్చల్లో, చదువుకున్నవాళ్ల కబుర్లలో ఒకే మాట: జనం పైసలకు, మందుకు అమ్ముడుపోయారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఈ మాటకు ఒక నిట్టూర్పు కూడా తోడవుతుంది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన పాలకుర్తి, 1952లో కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావును లోక్‌సభకు పంపిన ఓరుగల్లు ప్రాంతం ఇదేనా అని. నాటి ఓటరు సిద్ధాంతానికి వేశాడు, నేటి ఓటరు నోటుకు వేస్తున్నాడు అన్నది దీని సారం. వినడానికి బాధగా ఉంటుంది గనుక నిజమేననిపిస్తుంది. కానీ ఇదే ప్రాంతపు ఎన్నికల లెక్కలు ఈ మాటను బలపరచవు.

ఓటు నిజంగా కొనుక్కునే సరుకే అయితే, అధికారమూ పరపతీ చేతిలో ఉన్న సిట్టింగు ఎమ్మెల్యే ఓడకూడదు. భూపాలపల్లి చూడండి. నియోజకవర్గం ఏర్పడ్డాక 2009లో కాంగ్రెస్ తరఫున గండ్ర వెంకటరమణారెడ్డి గెలిచారు. 2014లో ఓడారు. ఆయన్ను ఓడించిన సిరికొండ మధుసూదనాచారి తెలంగాణ తొలి స్పీకరయ్యారు. 2018లో రాష్ట్రమంతా టీఆర్ఎస్ గాలి వీస్తుంటే ఆ స్పీకరు మూడో స్థానానికి పడిపోయారు. రెండో స్థానం ఫార్వర్డ్ బ్లాక్ గుర్తు మీద నిలబడ్డ గండ్ర సత్యనారాయణరావుది. తిరిగి గెలిచిన వెంకటరమణారెడ్డి మరుసటి ఏడే అధికార పార్టీలోకి వెళ్లారు. 2023లో ఆయన్ను కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడించింది ఆ సత్యనారాయణరావే, అదీ 50 వేలకు పైగా మెజారిటీతో. మూడు ఎన్నికలు, మూడుసార్లూ సిట్టింగు ఇంటికే. పైసలతో పని జరిగితే ఇలా జరగదు.

రెండు పక్షాలూ పంచుతాయి కదా, గెలిచినవాడు ఎక్కువ పంచి ఉంటాడు అంటారు. పంపకాలు లేవని నేననను. అందరూ పంచుతున్నారంటే మాత్రం, తేడా తెచ్చింది పంపకం కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. తేడా స్వల్పమైన చోట ఈ వాదనకు కొంత బలం ఉంది. 2009లో జనగామలో పొన్నాల లక్ష్మయ్య టీఆర్ఎస్ అభ్యర్థి కొమ్మూరి ప్రతాప్‌రెడ్డిపై 236 ఓట్లతో బయటపడ్డారు. అంత సన్నని గీతను ఏదైనా చెరపగలదు. (2023కల్లా కొమ్మూరి కాంగ్రెస్ అభ్యర్థి, పొన్నాల బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్ నాయకుడు. ఈ నేలలో పార్టీల కంటే ఓటర్లే నిలకడ.) కానీ 2023లో బీఆర్ఎస్ సిట్టింగులు మహబూబాబాద్‌లో శంకర్‌నాయక్, డోర్నకల్‌లో రెడ్యానాయక్ 50 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. పాలకుర్తిలో మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావు తొలిసారి బరిలోకి దిగిన 26 ఏళ్ల కాంగ్రెస్ అభ్యర్థి యశస్విని చేతిలో 47 వేలకు పైగా తేడాతో ఓడారు. ఆమె కుటుంబమూ పేదదేమీ కాదు. అయినా డబ్బుకు డబ్బు ఎదురైనప్పుడు ఇంత అగాధం ఏర్పడదు.

అదంతా కాంగ్రెస్ గాలి అంటారు మరికొందరు. ఈ అభ్యంతరం మొదటిదానికంటే బరువైనది, రాష్ట్రంలో గాలి ఉన్న మాట నిజమే. అయితే ఆ గాలి జనగామ జిల్లాలో పాలకుర్తి దగ్గర వీచి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్‌ల దగ్గర ఎందుకు ఆగింది? ఆ రెండు చోట్లా బీఆర్ఎస్ గెలిచింది. గెలిచింది ఎక్కడో గమనించండి: సిట్టింగు ఎమ్మెల్యేలు ముత్తిరెడ్డిని పక్కనపెట్టి పల్లా రాజేశ్వర్‌రెడ్డికి, తాటికొండ రాజయ్యను కాదని కడియం శ్రీహరికి టికెట్ ఇచ్చిన చోట. పాలకుర్తి, మహబూబాబాద్, డోర్నకల్, భూపాలపల్లిల్లో సిట్టింగులకే ఇచ్చింది, నాలుగూ పోగొట్టుకుంది. పార్టీ అదే, పథకాలు అవే, ముఖ్యమంత్రి అభ్యర్థీ ఆయనే. ఓటరు ఎదురుగా ఉన్న మనిషిని చూసి తేల్చాడు.

మరి పార్టీ మారిన రెడ్యానాయక్‌నూ, ఎర్రబెల్లినీ 2018లో ఇదే ఓటరు గెలిపించాడే అని అడగవచ్చు. అవును, గెలిపించాడు. ఆ ఏడే రైతుబంధు మొదలైంది, తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. అప్పటికే చెరువుల్లో పూడికా తీశారు. ఫిరాయింపు కన్నా అవి ఎక్కువ తూగాయి. ఇంకో ఐదేళ్లకు ఆ తూకం తిరగబడింది. అమ్ముడుపోయినవాడు ఇలా ఒకసారి మన్నించి, మరోసారి తిరస్కరించడు.

తీర్పు మధ్యలో చేతులు మారిన సందర్భాలు ఇక్కడ నిజంగా ఉన్నాయి, అయితే వాటికి ఓటరును నిందించడం తగదు. రాజయ్య 2009లో కాంగ్రెస్ గుర్తుపై గెలిచి, తెలంగాణ కోసం పార్టీనీ పదవినీ వదులుకుని, 2012 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ తరఫున మళ్లీ జనం ముందుకొచ్చారు. జనం గెలిపించారు. తమను అడిగి మారినవాణ్ని ఘన్‌పూర్ తప్పుపట్టలేదు. వెంకటరమణారెడ్డి 2019లో పదవి వదలకుండానే మారారు, 2023లో జవాబు దొరికింది. బీఆర్ఎస్ గుర్తుపై గెలిచిన కడియం 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరినప్పుడు కూడా రాజీనామా చేయలేదు. ఘన్‌పూర్ ఓటరును ఆ సంగతి అప్పుడు ఎవరూ అడగలేదు.