చురుకైన పిల్లకు బడి మార్చాలా?

కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో మూడున్నరేళ్ల పిల్ల చురుగ్గా ఉందంటే చాలు, వేరుశనగ చేతికి రాని ఏడాదైనా సరే, అంగన్‌వాడీ మాన్పించి టౌన్ నర్సరీ వ్యాన్ ఎక్కించాలన్న ఆలోచన మొదలవుతుంది. అంత తొందర అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసింది, ఆటపాటలకే పెద్దపీట వేసింది. అక్షరాలు ముందే దిద్దేసిన పిల్లకు కావాల్సింది ఇంకో పుస్తకం కాదు. గుప్పెడు చింతగింజలు ముందు పోసి ఎన్నున్నాయని అడిగి, తప్పు చెప్పినా ఓపిగ్గా వినే మనిషి. ఆ మనిషి అంగన్‌వాడీలో ఉండొచ్చు, ఫీజు కట్టిన చోట లేకపోవచ్చు. పైగా బడి మారితే గుడ్డు, పాలు, మధ్యాహ్న భోజనం పోతాయి. కరువు సీమలో అది చిన్న లెక్కేం కాదు.

అంగన్‌వాడీలో చదువెక్కడ అన్న ప్రశ్నలోనూ న్యాయముంది. పిల్లల బరువులు తూచడం, యాప్‌లో వివరాలు ఎక్కించడం, గర్భిణుల సరుకులు చూడటం అన్నీ ఒక్క కార్యకర్త నెత్తినే. (2023 డిసెంబరులో మొదలైన రాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తల సమ్మె 42 రోజులు సాగింది, ఊరికే సాగలేదు.) పిల్ల రోజూ నోరు మెదపకుండా కూర్చుని వస్తుంటే మార్చడంలో తప్పులేదు. కాకపోతే కొత్త బడిలో ముందు ఒక పూట కూర్చుని చూడాలి: మూడేళ్లవాళ్లకు హోంవర్క్ ఇస్తున్నారా, తెలుగులో మాట్లాడితే కసురుతున్నారా? రెండింట్లో ఏది కనబడినా అడ్మిషన్ ఫారం తీసుకోకుండా రావడమే మేలు.