మంచుకొండ నేర్పే జాగ్రత్త



గురుకుల పాఠశాలల్లో చదివే పిల్లలున్న ఇండ్లకు మేము వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "అయ్యగారూ, పిల్ల ఆటల్లో ముందుందంట. పోటీలకు దూరం పంపమంటున్నారు. ఆడపిల్లను అంత దూరం పంపొచ్చునా?" తాండూరు బండల గనిలో పనిచేసే తండ్రి అడిగినా, ధారూరు వైపు తండాలో కందిచేను చూసుకొనే తల్లి అడిగినా, ఆ ప్రశ్న వెనుక ఉన్నది భయమే. కన్నవారికి భయము సహజము. అయితే ఆ భయాన్ని ఏమి చేసుకోవాలి? ఈ నెల మనము భూమికి ఉత్తర దిక్కున ఉన్న ఒక మంచుకొండ దగ్గరకు వెళ్ళి ఈ ప్రశ్నకు జవాబు వెదకుదాము.

మాలావత్ పూర్ణ పేరు మీలో చాలామంది విన్నారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో లంబాడీ కుటుంబములో పుట్టిన బిడ్డ. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుతూ, 2013లో భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కడము నేర్చుకొన్నది. తరువాత డార్జిలింగులో, లడక్‌లో చలికి, ఎత్తుకు ఒళ్ళు అలవాటు చేసుకొన్నది. 2014 మే 25న, పదునాలుగేండ్లు ఇంకా నిండకముందే, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరమెక్కింది. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. మరో వారానికి తెలంగాణ రాష్ట్రము ఏర్పడింది. అక్కడితో ఆమె ఆగలేదు. ఏడు ఖండాల్లోని ఎత్తయిన కొండలన్నీ ఎక్కాలని పూనుకొని, 2022 జూన్ 5న అలాస్కాలోని దెనాలి శిఖరముతో ఆ ఏడింటిని పూర్తి చేసింది.

మనము చూడబోయే కొండ ఈ దెనాలియే. ఉత్తర అమెరికా అంతటిలో ఎత్తయినది, 20,310 అడుగులు. అక్కడి ఆదివాసుల భాషలో ఆ పేరుకు ఎత్తయినది అనే అర్థము. తెల్లవారు దానికి మెకిన్లీ అని పేరు పెట్టారు. అమెరికా ప్రభుత్వము 2015లో దెనాలి అని మార్చి, 2025లో మళ్ళీ మెకిన్లీ అన్నది. కొండ చుట్టూ ఉన్న రక్షిత అడవికి మాత్రము దెనాలి పేరే ఉన్నది. ఆ అడవి ఎంత పెద్దదంటే మన వికారాబాదు జిల్లా లాంటివి ఏడు అందులో ఇమిడిపోతాయి.

ఎవరెస్టుకు వెళ్ళినవారికి సామాను మోయడానికి షెర్పాలు ఉంటారు. దెనాలి మీద కూలీలు దొరకరు. చక్రాలకు బదులు జారుడు పలకలు అమర్చిన చిన్న విమానము మనిషిని మంచు మీద దింపి వెళ్ళిపోతుంది. అక్కడినుండి దాదాపు మూడు వారాల తిండి, గుడారము, పొయ్యి, చమురు, అన్నీ కలిపి యాభై అరవై కిలోల బరువు. కొంత వీపున, కొంత వెనుక లాగే జారుడు బండి మీద. మే, జూన్ నెలల్లో కూడా పై శిబిరములో చలి సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు పోవచ్చు. మంచు కింద కనబడని పగుళ్ళు ఉంటాయి. అందుకని ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకొని నడుస్తారు. ఒకరు పగులులో పడితే మిగిలినవారు మంచులో గొడ్డలి దించి ఆపాలి. ఎక్కబోయినవారిలో దాదాపు సగము మంది శిఖరము చూడకుండానే తిరిగి వస్తారు.

బరువంతా ఒక్కసారి మోయలేరు కాబట్టి సగము సామాను ముందు తీసుకువెళ్ళి, మంచులో గొయ్యి తవ్వి దాచి, కిందికి వచ్చి పడుకొని, మరునాడు మిగతాది తీసుకువెళ్తారు. అక్కడ ఒక దొంగ కాచుకొని ఉంటుంది. మన తెలుగు బైబిలులో కాకోలము అని చదువుకొనే పెద్ద నల్లకాకి! మనుష్యులు దాచినది ఎక్కడున్నదో దానికి తెలుసు. గొయ్యి లోతు తక్కువైతే ముక్కుతో మంచు తవ్వి, సంచులు చింపి, వారాల తిండిని పాడుచేస్తుంది. అందుకని మూడడుగుల లోతున పాతి, గుర్తుకు వెదురు పుల్లలు నాటాలి. కెరీతు వాగు దగ్గర ఏలీయాకు ఆహారము తెచ్చిన పక్షి, దెనాలి మీద ఆహారము దోచుకొనేది అవుతుంది. పక్షి స్వభావము పక్షిది. లోతుగా పాతిపెట్టుకోవడము మనిషి పని.

కొండ దిగువ మైదానాలలో తోడేళ్ళు, కారిబూ జింకలు, గుర్రముకంటె ఎత్తుగా ఉండే మూస్ అనే దుప్పులు, తెల్లని కొండగొర్రెలు, గోధుమరంగు పెద్ద ఎలుగుబంట్లు తిరుగుతాయి. 1917లో ఆ అడవిని రక్షిత ప్రాంతముగా ప్రకటించినది ముఖ్యముగా ఆ కొండగొర్రెలను కాపాడటానికే. అక్కడి నియమాలు వినండి. ఎలుగుబంటికి మూడు వందల గజాల దూరములో ఉండాలి. పొదల్లో నడిచేటప్పుడు మాట్లాడుతూ, చప్పుడు చేస్తూ నడవాలి. అది ఎదురైతే పరుగెత్తకూడదు. చేతులు పైకెత్తి ఊపుతూ, నెమ్మదిగా మాట్లాడుతూ, వెనుకకు జరగాలి. తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలలో పెట్టాలి. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మళ్ళీ మళ్ళీ మనిషి వెంట పడుతుంది. చివరికి దానినే చంపవలసి వస్తుంది.

ఈ మాట మనకు కొత్త కాదు. మూసీ పుట్టిన మన అనంతగిరి గుట్టల మీద కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరి నవ్వుకొనే యాత్రికులను చూస్తూనే ఉన్నాము. ఆ కోతులే తరువాత పసిపిల్ల చేతిలో రొట్టె లాక్కొంటే కర్రలు పట్టుకొని తరుముతాము. పెట్టిన చెయ్యి మనదే, కొట్టే చెయ్యీ మనదే. నవంబరులో ధారూరు జాతరకు వెళ్ళి చెట్ల కింద డేరాలు వేసుకొనే కుటుంబాలు తినగా మిగిలినది అడవిలో పారవేయకుండా ఇంటికి తెచ్చుకొంటే అదే మంచి అలవాటు.

దెనాలి కొండకు మన సంఘాలవారు తెలుసుకోదగిన మరొక చరిత్ర ఉన్నది. దాని అసలు శిఖరాన్ని మొదట ఎక్కినది 1913 జూన్ 7న. ఆ జట్టును నడిపించినవాడు హడ్సన్ స్టక్ అనే దైవసేవకుడు. కుక్కలు లాగే బండ్ల మీద అలాస్కా పల్లెలు తిరిగిన ఎపిస్కోపల్ సంఘపు ఆర్చిడీకను. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేండ్లు. హ్యారీ కార్‌స్టెన్స్, రాబర్ట్ టేటమ్, వాల్టర్ హార్పర్ ఆయనతో ఉన్నారు. ముందటి సంవత్సరపు భూకంపము దారిలోని మంచుగట్టును ముక్కలు చేసినందున, మెట్లు నరుక్కుంటూ దానిని దాటడానికే దాదాపు మూడు వారాలు పట్టింది. శిఖరము మీద మొదట కాలు పెట్టినవాడు హార్పర్, ఆదివాసి తల్లి కన్న కుమారుడు. తరువాత అందరూ అక్కడ దేవునికి కృతజ్ఞతలు చెల్లించారు. ఆ కొండకు దాని సొంత పేరే ఉండాలని స్టక్ గట్టిగా వాదించాడు.

పైకి వెళ్తుండగా దారిలో వారి సామానుకు నిప్పంటుకొన్నది. అగ్గిపుల్ల వల్లనే అని వారు తలంచారు. గుడారాలు, మేజోళ్ళు, పాలపొడి, చక్కెర అంతా బూడిద. బండ్ల మీద కప్పే గుడ్డలతో గుడారాలు కుట్టుకొని ముందుకు వెళ్ళారు గాని చక్కెరను మాత్రము కుట్టుకోలేరు కదా! ఇదంతా జరుగుతున్నప్పుడు కింద మకాములో జానీ ఫ్రెడ్సన్ అనే ఆదివాసి కుర్రవాడు ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఒక్క రోజులు. కారిబూలను, కొండగొర్రెలను వేటాడి తాను తిని కుక్కలకు పెట్టి వారికోసము కనిపెట్టుకొని ఉన్నాడు. వారు దిగివచ్చినప్పుడు తన వంతు చక్కెరను వారి ముందు పెట్టాడు. ముట్టుకోకుండా దాచాడు. శిఖరమెక్కిన నలుగురి పేర్లు చరిత్రలో ముందు వరుసలో ఉన్నవి. ఆ చక్కెర కలిపిన పానీయము తాగినప్పుడు మాత్రము ఆ నలుగురికి జానీయే పెద్దవాడుగా కనబడి ఉంటాడు. ఆ కుర్రవాడు తరువాత కళాశాల చదువు చదివి, తిరిగి వచ్చి, తన ప్రజలకు బడి చెప్పాడు. వారి భూమికి హక్కు కోసము పాటుపడ్డాడు. 1943లో వెనెటీ ప్రాంతము ఆ ఆదివాసులకు ప్రత్యేకించబడటములో అతని కృషి ఉన్నది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. పంపవచ్చునా? కొండ చెప్పే జవాబు ఇది. భయమును పారవేయనక్కరలేదు, దానిని జాగ్రత్తగా మార్చుకోవాలి. వెళ్ళే పిల్లకు ఎవరు నేర్పుతున్నారు? ఎన్నాళ్ళు నేర్పారు? ఆమెతోపాటు వెళ్ళే ఉపాధ్యాయురాలు ఎవరు? రాత్రి బస ఎక్కడ? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? ఇవి అడగండి. అడగడము తల్లిదండ్రుల హక్కు, సిగ్గుపడవద్దు. జవాబులు సరిగా ఉంటే ఆపవద్దు. జవాబులు లేకుంటే కోరి తెచ్చుకోండి, పిల్లను మాత్రము చదువు మాన్పించి పెండ్లి పీటల మీద కూర్చోబెట్టవద్దు. పాకాలలోని ఆ కూలీ తల్లిదండ్రులు భయముతోనే పంపి ఉంటారు. అయినా పంపారు.

ఇంట్లో మిగిలినవారికీ పని ఉన్నది. అక్క పోటీలకు వెళ్తే ఆమె వంతు నీళ్ళు మోసే తమ్ముడు, పాడి చూసుకొనే నాయనమ్మ, బస్సు చార్జీకి కంది అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టే తండ్రి, వీరందరూ కింద మకాములో చక్కెర దాచేవారే. మీ ఇంటిలో ఎక్కే బిడ్డ ఎవరో, దాచే చెయ్యి ఎవరిదో ఈ రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకోండి. దేవుడు మీ పిల్లల రాకపోకలను కాపాడును గాక.