లంఖణం కుందేలుకి కాదు

లంఖణం పరమౌషధం అంటారు మనవాళ్లు. మా ఇంట్లో అమ్మవైపు తెలుగు, నాన్నవైపు తమిళం. ఈ మాట దగ్గర మాత్రం రెండువైపులా ఒకటైపోతారు. జ్వరమొచ్చినా ఆపరేషనైనా కడుపు ఖాళీగా ఉంచాల్సిందే! మనుషుల సంగతి పెద్దలకే వదిలేస్తాను. కుందేలుని మాత్రం పస్తు పెట్టకూడదు.

మత్తిచ్చే ముందు కుక్కకీ పిల్లికీ తిండి ఆపుతారు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుందని. కుందేలుకి అసలు వాంతే రాదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. తిండి ఆగితే అవీ మందగిస్తాయి, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. అలా ఒక్కరోజు గడిచినా ప్రాణం మీదికొస్తుంది. అయినా మా పేటలో ఒక క్లినిక్‌వాళ్లు కుక్కలకిచ్చే కాగితమే మాకూ ఇచ్చారు, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని. అక్క వేరే డాక్టర్‌ని అడిగితే, నోట్లో మేత మిగలకుండా గంటో రెండు గంటలో ముందు ఆపితే చాలన్నారు.

బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తుకి సంబంధించి చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39. ఆ కుందేళ్లలో సగానికి పైగా పోయింది ఆపరేషన్ అయ్యాకే. అలాగని ఆపరేషన్ మానేయమనను. ఆడకుందేళ్లకి వయసు మీరితే గర్భసంచి కేన్సర్ ఎక్కువ, మేమూ అందుకే చేయించాం. కానీ కళ్లు తెరిచింది కదా అని బుట్టలో వేసుకొచ్చేయకూడదు. తిన్నదా అని అడగాలి. నొప్పికి మందు ఇచ్చారా అనీ అడగాలి. మన మాత్రలు మనమే విరిచి వేయకూడదు.

ఇంటికొచ్చాక చలి తగలనివ్వద్దు. వేన్నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి ఒక పక్కన పెడితే, వేడెక్కువైతే అదే జరుగుతుంది. పక్కన గడ్డి, కొత్తిమీర. (మా మల్లి మొదట ముట్టింది కొత్తిమీరే.) పూర్తిగా తెలివొచ్చాకా తినకపోతే, డాక్టరిచ్చిన పొడి కలిపి సిరంజితో కొంచెం కొంచెంగా పట్టాలి. పెంటికలు పడుతున్నాయా లేదా చూస్తూ ఉండాలి. అది అరవదు, మూలగదు. ముడుచుకు కూర్చుని పళ్లు గట్టిగా నూరిందంటే నొప్పన్నమాట. తెల్లారే దాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే.

మన క్లాసులోనే ఇద్దరి ఇళ్లలో కుందేళ్లున్నాయి. ఇంటర్నల్స్ వారంలో మాత్రం ఆపరేషన్ డేటు తీసుకోకండి, మొదటి రాత్రి ఎవరో ఒకరు మేలుకోవాలి.