తలుపు మూసినచో భాష నిలుచునా?

కెనడా దేశమునందలి వాంకూవర్ నగరమున నివసించు నొక చీనా కుటుంబమును గూర్చి 1994వ సంవత్సరమున వెలువడిన ‘డబుల్ హ్యాపీనెస్’ అను చలనచిత్రమును మేమీ నడుమ చూచితిమి. హాంగ్‌కాంగున జన్మించి వాంకూవరునందే పెరిగిన మీనా షమ్ అను నామె దీనికి కథ వ్రాసి దర్శకత్వము వహించెను. కథానాయికగా నటించిన సాండ్రా ఓ, కొరియా నుండి కెనడాకు వలసవచ్చిన దంపతుల కుమార్తె. ఈ పాత్రకే ఆ దేశపు జీనీ బహుమానమును పొందెను. దూరదేశపు కథయే యైనను, పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండు మనబోటివారు ఆలోచింపదగిన విషయము దీనియందు గలదు.

కథ చిన్నది. జేడ్ అను నిరువదిరెండేండ్ల యువతికి నటి కావలెనని కోరిక. తలిదండ్రులకో, ఆమె యోగ్యుడైన చీనా యువకునే వివాహమాడవలెనని పట్టుదల. వారు కుదిర్చిన న్యాయవాదితో ఆమె విందునకు పోవును. అతడును తన తలిదండ్రుల కొరకే వచ్చినవాడని, అతని మనసు స్త్రీలపై లేదని తేలును. ఆమె మనసు మార్క్ అను తెల్లజాతి విద్యార్థిపై నిలుచును. ఆ సంగతి యింట దాచవలసివచ్చును. ఏలయన, తండ్రి మాట మీరిన యన్న అంతకుముందే ఇంటికి పరాయివాడయ్యెను. తండ్రి బాల్యమిత్రుడు స్వదేశము నుండి వచ్చినప్పుడు, పరువు కొరకు ఇంటిల్లిపాదియు నాటకమాడుదురు. ఆ మిత్రుడును తన రహస్యమును తాను దాచుకొనియే వచ్చెను! తుదకు జేడ్ కూడ ఇల్లు విడిచి వేరుగా నుండసాగును. చీనావారు పెండ్లిండ్లలో ‘ఆనందము’ అను అక్షరమును ప్రక్కప్రక్కన రెండుమారులు వ్రాయుదురు. చిత్రమునకు పేరు దానినుండి వచ్చినదే. ఆ యింటనో, ఒక్క యానందమైనను నిలువలేదు.

ఆ తండ్రిని మేము కఠినుడని త్రోసిపుచ్చజాలము. కెనడా ప్రభుత్వము 1885లో చీనా వలసవారిపై తలకు 50 డాలర్ల పన్ను విధించెను. 1903లో దానిని 500 డాలర్లకు పెంచెను. 1923 నుండి 1947 వరకు వారి రాకను దాదాపు పూర్తిగా నిషేధించెను. ఆ తలపన్నుకు 2006లోగాని క్షమాపణ చెప్పలేదు. అట్టి చోట తమవారు తమకు తోడుండుటయే బ్రతుకునకు ఆధారము. మన పూర్వులకు అట్టి యవమానము లేదు. నాయకరాజుల కాలమున మధుర, తంజావూరు సీమలకు వచ్చినవారు కొందరు, పిమ్మట వ్యాపారమునకై వచ్చినవారు కొందరు. అయినను, మనవారు మనకు కాకుండ పోవుదురను భయము మనకును తెలియనిది కాదు.

కాని ఆ చిత్రమున నొక ఘట్టము మమ్ము కలచివేసినది. తెల్లవారు జేడ్‌ను నటనకు పరీక్షించుచు చీనా యాసతో మాటలాడుమందురు. హాంగ్‌కాంగ్ చిత్రములవారు చీనా లిపిలోని సంభాషణ చేతికిచ్చి చదువుమందురు, ఆమె చదువలేకపోవును. ఇంట ఆ భాష మాటలాడు పిల్లయే! వరుడు ఏ జాతివాడని యంతగా విచారించిన యింట, ఆమెకు అక్షరము మాత్రము అందలేదు.

ఇది మన కథ కాదా? సంబంధము వచ్చినప్పుడు ఇంటిపేరు, గోత్రము, ఇంటి భాష అడుగక మానము. మన పిల్లలలో ఎందరు శుభలేఖను తెలుగులో చదువగలరు? పరభాషవారిని పెండ్లాడినవారిని సంఘపు ఉగాది కూటమికి పిలువరాదని పెద్దలు కొందరనుచున్నారు. పట్టు సడలించినచో రెండు తరములలో తెలుగు మాయమగునని వారి వాదము. వారి భయము నిజమైనదే. మందు మాత్రము తగినది కాదు. ఖాతా మూసినంత మాత్రమున బాకీ తీరదు. అమ్మమ్మ యింటికి రానిచ్చిన మనుమడు నాలుగు తెలుగు మాటలైన వినును; రానీయనివాడు ఒక్కటియు వినడు. బిడ్డను పోగొట్టుకొన్న యిల్లు, ఆ బిడ్డ నోటనున్న భాషను గూడ పోగొట్టుకొనును.

కావున మా మనవి రెండు. రాబోవు ఉగాదికి అట్టి దంపతులందరికిని ఆహ్వానము పంపవలెను. ఆదివారమున ఒక గంట అక్షరాభ్యాస తరగతి పెట్టి, పిల్లలతోపాటు పరభాషనుండి వచ్చిన అల్లుండ్రను, కోడండ్రను గూడ చేర్చుకొనవలెను. బిడ్డల పెండ్లి విషయమున తలిదండ్రులకు అభిప్రాయ ముండుట న్యాయమే. ఆ యభిప్రాయము చెల్లనినాడు తలుపు మూయుట మాత్రము న్యాయము కాదు.