వినిపించుటకు ముందు వినుట

1805లో లండను మిషనరీ సంఘమువారగు క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్టణమున దిగి తెలుగు నేర్చిరి. ఆనందరాయరు సాయమున సువార్తలను తెనిగింప బూనిరి. వానిలో మూడు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడునాటికి ఇరువురును కన్నుమూసి యుండిరి.

నేడు హిందూపురమునందలి యువకుడైనను, ధర్మవరపు మగ్గముల వీధిలోని యువతియైనను స్వచ్ఛందముగా, చేతి ఫోనుతోనే క్రీస్తు సువార్తను దేశాంతరములకు పంపవచ్చును. కొద్దిపాటి శిక్షణ చాలునని కొందరందురు. వేగము మెచ్చదగినదే, కాని అది నేర్పునకు బదులు కాజాలదు. ఎదుట నిలిచి మాటాడువాని నడవడిని ఊరు చూచును. తెరమీదివాని మాట మాత్రమే చేరును. కనుక ఆ మాటకు బరువెక్కువ.

పెనుకొండలో పార్శ్వనాథుని బసదియు, బాబయ్య దర్గాయు ఒకే ఊర నున్నవి. అట్టి సీమవారికి పరుల విశ్వాసమును గౌరవించుట క్రొత్తగా నేర్ప నక్కరలేదు, మరువకుండిన చాలును.

రాజ్యాంగపు 25వ అధికరణము మతప్రచార స్వేచ్ఛ నిచ్చినది. ఆ స్వేచ్ఛలో పరుని మతము మార్పించు హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు తేల్చినది. చెప్పుట ఒకరి హక్కు. ఒప్పుటయో మానుటయో విన్నవాని హక్కు.

కావున శిక్షణలో తొలిపాఠము వినుట కావలెను. అడిగినవాని దుఃఖమెరుగక వాక్యములు కుమ్మరించుట సేవ గాదు. తెలియనిది తెలియదనుటకును, వలదన్నచో ఆగుటకును ధైర్యము గలవారే ఆ పనికి తగినవారు. పడుగు సరిచూడక పేక వేయుట ధర్మవరపు నేతగాడెరుగడు. మాట నేయువారికిని ఆ ఓర్పే కావలెను.