పిడుగు యాప్ ఉంది సరే, కొండ మీద సిగ్నల్ ఏది?

వానాకాలం వచ్చిందంటే టెక్ పేజీలన్నీ ఇచ్చే సలహా ఒకటే: దామిని యాప్ వేసుకోండి. మంచి యాపే, కాదనను. పుణెలోని ఐఐటీఎం తయారు చేసింది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగుల్ని చూపిస్తుంది. కానీ దానికి నెట్ కావాలి. అరకు దాటి ముంచంగిపుట్టు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, ఒక మలుపు తిరిగితే చాలు, ఫోన్‌లో గీతలు మాయం. పోడు పొలంలో ఉన్నవాళ్లకి, పశువులు కాసేవాళ్లకి పిడుగు ముప్పు ఎక్కువ. అలర్ట్ అందనిదీ వాళ్లకే.

అందుకే అంటున్నా, అక్కడ కావాల్సింది ఇంకో యాప్ కాదు, ఒక చిన్న రిసీవర్.

పిడుగు తనే పెద్ద ట్రాన్స్‌మిటర్. టవర్ లేకపోయినా దాని రేడియో పల్స్ పదుల కిలోమీటర్లు వస్తుంది. 1895లోనే రష్యాలో పొపోవ్ దాన్ని పట్టే పరికరం చేసి చూపించాడు. నమ్మకం లేకపోతే ఇంట్లో పాత రేడియో తీసి మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టండి. మెరుపు మెరిసినప్పుడల్లా చిటపట వినిపిస్తుంది. ఫోన్‌లో ఎఫ్ఎంకి ఆ చెవి లేదు.

సర్క్యూట్ కూడా బ్రహ్మవిద్య కాదు. ఫెర్రైట్ రాడ్ మీద కాయిల్, పక్కన కెపాసిటర్, పెంచడానికి రెండు బీసీ547లు, ఒక డయోడ్. అసలు చిక్కు తర్వాత వస్తుంది. పల్స్ ఎంత చిన్నదంటే, నేరుగా ఎల్ఈడీకి ఇస్తే వెలిగినట్టు కూడా కనపడదు. అందుకే దాన్ని సాగదీసే టైమర్ ఉండాలి. 470 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ పెడితే ఒక్కో పల్స్‌కి అర సెకను బీప్. మామూలు 555 వద్దు, బ్యాటరీ తినేస్తుంది. సీమాస్ రకం 7555 అయితే రెండు పెన్సిల్ సెల్స్ చాలు.

ఏఎస్3935 చిప్ వాడొచ్చు కదా అంటారు. అది 40 కిలోమీటర్ల దాకా దూరం అంచనా వేస్తుంది నిజమే, కానీ మైక్రోకంట్రోలర్, కోడ్ కావాలి. ఊళ్లో పాడైతే బాగుచేసేదెవరు? మనదానికి దూరం తెలీదు, బీప్‌లు దగ్గర దగ్గరగా వస్తున్నాయంటే మబ్బు ముదురుతోందని అర్థం, అంతే. బీప్ రాలేదని చెట్టు కింద నిలబడితే మాత్రం ప్రమాదమే. ఉరుము వినపడిందంటే పక్కా ఇంట్లోకి వెళ్లాల్సిందే.

ఇంకో మాట. వైజాగ్ హాస్టల్ గదిలో టెస్ట్ చేసి, ఊరికే మోగుతోందని పక్కన పడేయకండి. ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, ఫ్యాన్ స్విచ్ అన్నీ దాన్ని మోగిస్తాయి. ఆ గోల తక్కువున్న అనంతగిరి కొండల్లో ఒకసారి ఆన్ చేసి చూడండి.